సూపర్‌క్రిటికల్ సీఓటూలో లైపేజ్ చచ్చిపోతోందా? ప్రెషర్ కన్నా ముందు నీటి లెక్క చూడండి

మీరు రాసిన సంగతి క్లుప్తంగా ఇది. ఐసోఅమైల్ అసిటేట్ అనే ఎస్టర్ (ఆల్కహాల్, యాసిడ్ కలిసి పుట్టేది) కోసం 100 మిల్లీలీటర్ల హై ప్రెషర్ సెల్‌లో ఐసోఅమైల్ ఆల్కహాల్, అసిటిక్ యాసిడ్ చెరో 10 మిల్లీమోల్స్, వాటికి 100 మిల్లీగ్రాముల నోవోజైమ్ 435, అంటే లైపేజ్ ఎంజైము అతికించిన రెజిన్ బీడ్స్, వేశారు. హెక్సేన్‌లో కన్వర్షన్ (ఎస్టర్‌గా మారిన వంతు) బాగా వచ్చింది. అదే రియాక్షన్ 40 డిగ్రీలు, 100 బార్ కార్బన్ డయాక్సైడ్‌లో పెడితే సగం దగ్గరే ఆగిపోయింది. అవే బీడ్స్ మూడోసారి వాడేసరికి దాదాపు ఏమీ రాలేదు. గైడ్ గారు ప్రెషర్ 250 బార్‌కి పెంచి చూడమన్నారు. సీఓటూ ఎంజైమును చంపేస్తోందా, టాపిక్ మార్చుకోవాలా అని మీ టెన్షన్.

టాపిక్ మార్చుకోనక్కర్లేదు. ప్రెషర్ కూడా ఇప్పుడే పెంచకండి. పన్నెండేళ్లు ఇలాంటి సెల్స్ దగ్గరే పనిచేసినవాడిగా చెబుతున్నాను. మీ లైపేజ్‌ని దెబ్బతీసింది ప్రెషర్ కాదనే నా నమ్మకం. నీళ్లు, మిగిలిపోయిన యాసిడ్, వాల్వ్ తిప్పిన తీరు కలిసి ఆ పని చేశాయి. ఈ మూడూ మీ చేతిలో ఉన్నవే.

ముందు ప్రెషర్ సంగతి. కార్బన్ డయాక్సైడ్ సందిగ్ధ ఉష్ణోగ్రత 31 డిగ్రీలు, సందిగ్ధ పీడనం 73.8 బార్. ఆ గీత దాటాక అది అటు వాయువూ కాదు, ఇటు ద్రవమూ కాదు, ఆ స్థితినే సూపర్‌క్రిటికల్ అంటారు. 40 డిగ్రీల దగ్గర 80 బార్‌లో దాని సాంద్రత మిల్లీలీటరుకు 0.28 గ్రాములు. 100 బార్‌కి అదే 0.63 అవుతుంది. ఇరవై బార్లకే రెండింతలు దాటింది చూడండి. అక్కడి నుంచి 250 బార్‌కి వెళ్తే 0.88 మాత్రమే. అంటే అసలు మార్పంతా మీరు ఇప్పటికే దాటేశారు. మీ ఆల్కహాల్, యాసిడ్ రెండూ చిన్న అణువులు, ఆ మోతాదులో 100 బార్‌కే కరుగుతాయి. సెల్‌కి సఫైర్ కిటికీ ఉంటే లోపలికి ఒకసారి చూడండి. మబ్బు లేకుండా, అడుగున చుక్క లేకుండా ఉంటే కరగలేదన్న అనుమానం వదిలేయవచ్చు. ఆ తర్వాత ప్రెషర్ పెంచితే లాభం లేకపోగా, ఎంజైము దగ్గర ఉండాల్సిన సబ్‌స్ట్రేట్ (ఎంజైము మార్చాల్సిన పదార్థం) ద్రావణిలోకే ఎక్కువగా జారుకుని వేగం కొంత తగ్గవచ్చు కూడా. నూనెలు, పెద్ద ట్రైగ్లిజరైడ్లు అయితే కథ వేరు, వాటిని కరిగించడానికి ఎక్కువ ప్రెషర్ తప్పదు.

ఇక నీళ్ల దగ్గరికి వద్దాం. ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవండి, మీ సమస్యకు మూలం ఇదే.

ఎంజైము పొడిగా ఉన్నా పనిచేస్తుందని 1984లో జాక్స్, క్లిబనోవ్ చూపించారు. పంది క్లోమం నుంచి తీసిన లైపేజ్‌ను దాదాపు నీళ్లు లేని ఆర్గానిక్ ద్రావణిలో 100 డిగ్రీల దగ్గర పనిచేయించారు. అయితే "దాదాపు" అన్న మాటలోనే అంతా ఉంది. ప్రోటీన్ ఒంటికి అంటుకుని ఒక పల్చటి నీటి పొర ఉండాలి. ఆ పొర ఉంటేనే అణువు కదలగలదు, కదిలితేనే రియాక్షన్ జరుగుతుంది. హెక్సేన్‌కు నీళ్లంటే పడదు, కిలో హెక్సేన్‌లో కరిగేది ఒక గ్రాములో పదో వంతు. అందుకే ఆ పొర జోలికి పోదు. కార్బన్ డయాక్సైడ్ అలా ఊరుకోదు. 40 డిగ్రీలు, 100 బార్ దగ్గర కిలోకు దాదాపు 2 గ్రాముల నీళ్లు పట్టుకుంటుంది.

మీ అంకెలతోనే లెక్క వేద్దాం. 100 మిల్లీలీటర్ల సెల్‌లో మీ సీఓటూ 63 గ్రాములు. అది 125 మిల్లీగ్రాముల దాకా నీళ్లు తాగగలదు. మీ 100 మిల్లీగ్రాముల బీడ్స్‌లో ఉన్న నీళ్లు ఎన్ని? రెండు శాతం అనుకుంటే 2 మిల్లీగ్రాములు. పొడి సిలిండర్ గ్యాస్ లోపలికి రాగానే ఆ రెండు మిల్లీగ్రాముల్లో చాలా భాగం లాగేసుకుంటుంది. ప్రోటీన్ గట్టిగా పట్టుకున్నది కొంచెం మిగులుతుంది, అంతే. రన్ మొదట్లో వేగం మందగించడానికి కారణం ఇది.

తర్వాత ఏమైంది? ఎస్టర్ ఒక మోల్ పుడితే నీళ్లు ఒక మోల్ పుడతాయి. మీ రియాక్షన్ సగం పూర్తయ్యేసరికి 5 మిల్లీమోల్స్, అంటే 90 మిల్లీగ్రాముల నీళ్లు తయారయ్యాయి. సీఓటూ మోయగల 125కి దగ్గరికి వచ్చేశాయన్నమాట. పొద్దున ఎండిపోయిన బీడ్స్ సాయంత్రానికి తడిసిపోతున్నాయి. కరువూ వరదా ఒకే రన్‌లో చూస్తోంది మీ ఎంజైము. నీళ్లు పెరిగేకొద్దీ రియాక్షన్ వెనక్కి నడవడం మొదలుపెడుతుంది కాబట్టి కన్వర్షన్ సగం దగ్గర ఆగడంలో ఆశ్చర్యం లేదు.

వాల్వ్ తెరిచిన క్షణం ఇంకా ప్రమాదం. ప్రెషర్ పడిపోతుంటే సాంద్రత పడిపోతుంది, సాంద్రతతో పాటే కరిగించే శక్తీ పోతుంది. అప్పటిదాకా కరిగి ఉన్న 90 మిల్లీగ్రాముల నీళ్లు, మిగిలిన 300 మిల్లీగ్రాముల అసిటిక్ యాసిడ్, ఆల్కహాల్, ఎస్టర్ అన్నీ ఎక్కడ పడతాయి? కొంత గ్యాస్‌తో బయటికి పోతుంది. మిగతాది గోడల మీద, బీడ్స్ మీద పడుతుంది. యాసిడ్ నీళ్లలో తడిసిన బీడ్స్‌ను మీరు తీసి, రేపటి రన్ కోసం సీసాలో పెట్టి ఉంటారు. హెక్సేన్ రన్ తర్వాత అయితే బీడ్స్‌ను వడగట్టి తాజా హెక్సేన్‌తో కడుగుతాం, అది అలవాటు. సీఓటూ రన్ తర్వాత "గ్యాస్ పోయింది కదా, శుభ్రంగానే ఉంటుంది" అనుకుని కడగం. నేనూ మొదటి ఏడాదంతా అలాగే చేశాను. మీరు రెండు ద్రావణులను పోల్చాననుకున్నారు గానీ, నిజానికి కడిగిన ఎంజైమును కడగని ఎంజైముతో పోల్చారు.

పైగా నోవోజైమ్ 435లో కాండిడా అంటార్కిటికా లైపేజ్ బీ అక్రిలిక్ రెజిన్‌కి అతుక్కుని ఉంటుందే తప్ప రసాయన బంధంతో కట్టి ఉండదు. ద్రవరూపంలో నీళ్లు తగిలితే కొంత ప్రోటీన్ జారిపోతుంది.

సీఓటూయే ఎంజైమును దెబ్బతీస్తుందనడానికి రెండు కారణాలు చెబుతారు. మొదటిది పులుపు. సీఓటూ నీళ్లలో కరిగితే కార్బోనిక్ యాసిడ్ అవుతుందన్నది ఇంటర్ పిల్లలకూ తెలుసు. ఎంత పుల్లగా అవుతుందో మాత్రం చాలామంది ఊహించరు. 70 నుంచి 200 బార్ దాకా సీఓటూతో కలిసి ఉన్న నీళ్ల పీహెచ్ 2.8, 2.9 మధ్య ఉంటుందని 1990లలోనే కొలిచారు. నీటి పొర పల్చగా, ప్రోటీన్‌కి అంటుకుని ఉన్నంతవరకు పీహెచ్ అనే మాటకు పెద్ద అర్థం లేదు. బీడ్స్ రంధ్రాల్లో నిజంగా నీటి చుక్క చేరినప్పుడే ఆ పులుపు దెబ్బ తగులుతుంది. మళ్లీ చూడండి, ఇదీ నీళ్ల కథే.

రెండోది లైసిన్ సంగతి. ప్రోటీన్‌లో లైసిన్ అనే అమైనో ఆమ్లం కొసన ఉండే అమైన్ గుంపుతో సీఓటూ కలిసి కార్బమేట్ అవుతుంది. పిట్స్‌బర్గ్‌లో రసెల్, బెక్‌మన్ బృందం 1990ల మొదట్లో ఒక లైపేజ్‌ను వేర్వేరు సూపర్‌క్రిటికల్ ద్రవాల్లో నడిపి చూసింది. ఈథేన్, ఫ్లోరోఫార్మ్, సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ లాంటివాటితో పోలిస్తే సీఓటూలోనే వేగం తక్కువ వచ్చింది. కార్బమేట్లు అందుకు ఒక కారణం కావచ్చని వాళ్లు అన్నారు. అయితే ఇది తిరిగి విడిపోయే బంధం. సీఓటూ పోతే కార్బమేట్ కూడా పోతుంది. అది మీ రన్ నెమ్మదించడాన్ని కొంత వివరించగలదు గానీ మూడో రన్‌కి ఎంజైము శాశ్వతంగా పోవడాన్ని వివరించలేదు.

ఈ రంగం మొదలైన తీరు కూడా ఒకసారి గుర్తు చేసుకోవాలి. 1985లో బర్క్‌లీలో రాండాల్ఫ్ బృందం ఆల్కలైన్ ఫాస్ఫటేజ్‌తో, అదే ఏడాది హామండ్, క్లిబనోవ్ తదితరులు పాలీఫినాల్ ఆక్సిడేజ్‌తో సూపర్‌క్రిటికల్ సీఓటూలో రియాక్షన్లు చేసి చూపించారు. 1988లో రాండాల్ఫ్ బృందమే కొలెస్టరాల్ ఆక్సిడేజ్‌తో చేసిన పని ప్రచురించింది. మూడూ వేర్వేరు తరహా ఎంజైములు, మూడూ బతికాయి. సీఓటూ ఎంజైములకు విషం అని ఎవరైనా మీ సెమినార్‌లో అంటే ఈ మూడు ఉదాహరణలు చెప్పండి. ఆ తర్వాతి నలభై ఏళ్లలో లైపేజ్‌లే ఎక్కువగా నిలబడ్డాయి. తక్కువ నీళ్లతో సర్దుకోగలవు, కోఫ్యాక్టర్ (పనికి తోడుండాల్సిన మరో అణువు) అడగవు, రెజిన్ మీద మార్కెట్లో దొరుకుతాయి.

ఇప్పుడు ప్రెషర్ దింపడం గురించి. లోపల ఎన్ని గంటలు ఉంచారన్నదానికన్నా ఎన్నిసార్లు ఎక్కించి దించారన్నదే బీడ్స్ ఆయుష్షును ఎక్కువగా తేలుస్తుంది. రెజిన్ సీఓటూలో ఉబ్బుతుంది, రంధ్రాల నిండా అది చేరుతుంది. వాల్వ్ ఒక్కసారి తెరిస్తే లోపలి గ్యాస్ బయటికి రావడానికి దారి చాలక బీడ్‌ను చీల్చుకుని వస్తుంది. అదే సమయంలో సెల్ చల్లబడిపోతుంది. సాయంత్రం బస్సు అందుకోవాలన్న తొందరలో నేను రెండు నిమిషాల్లో 150 బార్ దింపేసిన రోజులున్నాయి. ఫ్రిట్ (బీడ్స్‌ను ఆపే జల్లెడ బిళ్ల) మీద బీడ్స్ బదులు పిండి కనిపించేది, అవుట్‌లెట్ లైన్‌లో డ్రై ఐస్ అడ్డుపడేది. ఆ బ్యాచ్ మీద నెల రోజులు డేటా తీసి, చివరికి అంతా పక్కన పెట్టాల్సి వచ్చింది. మీరు మాత్రం హీటర్ ఆన్‌లోనే ఉంచి, కనీసం 45 నిమిషాలు తీసుకుని దింపండి. 100 నుంచి 80 బార్ మధ్య మరీ నెమ్మదిగా వెళ్లండి, సాంద్రత కుప్పకూలేది అక్కడే.

దింపే ముందు ఇంకో పని చేయాలి. అదే ప్రెషర్ దగ్గర, అవుట్‌లెట్ కొద్దిగా తెరిచి, పంపుతో తాజా సీఓటూ పంపుతూ సెల్ వాల్యూమ్‌కి నాలుగైదింతలు కడిగేయండి. యాసిడ్, ఎస్టర్, నీళ్లు కరిగిన స్థితిలోనే బయటికి పోతాయి, బీడ్స్ మీద పడవు. ట్రాప్‌ను (బయటికి వచ్చేదాన్ని పట్టే పాత్రను) చల్లగా ఉంచితే ప్రోడక్ట్ కూడా దక్కుతుంది. ఈ కడుగుడు బీడ్స్‌ను ఎండబెడుతుంది కాబట్టి తర్వాతి రన్‌కి ముందు మళ్లీ నీళ్లు పట్టించాలి. డెసికేటర్‌లో (గట్టిగా మూసే గాజు పాత్రలో) మెగ్నీషియం క్లోరైడ్ సంతృప్త ద్రావణం పెట్టి, దాని పైన బీడ్స్‌ను రెండు రోజులు ఉంచితే నీటి చురుకుదనం, అంటే వాటర్ యాక్టివిటీ (పూర్తి పొడికి 0, పూర్తి తడికి 1), 0.33 దగ్గర స్థిరపడుతుంది. ఇంకా పొడిగా కావాలంటే లిథియం క్లోరైడ్‌తో 0.11, తడిగా కావాలంటే మెగ్నీషియం నైట్రేట్‌తో 0.53.

బీడ్స్‌కి మాత్రమే పట్టిస్తే చాలదు, సీఓటూకీ వాటా ఇవ్వాలి. మీ సెల్‌లో సంతృప్తతకు 125 మిల్లీగ్రాములు కావాలి కదా. 0.3 దగ్గర ఉంచాలంటే 40 మిల్లీగ్రాముల నీళ్లు సిరంజితో ముందే వేయండి. ఆల్కహాల్, యాసిడ్ ఉన్నప్పుడు ఈ లెక్క కొంచెం జరుగుతుంది, మొదలుపెట్టడానికి మాత్రం ఇది సరిపోతుంది. హెక్సేన్ రన్‌లో కూడా అదే 0.33 దగ్గర తడిపిన బీడ్స్ వాడితేనే రెండింటినీ పక్కపక్కన పెట్టి మాట్లాడే హక్కు వస్తుంది. ఈ రంగంలో "హెక్సేన్ మేలు", "సీఓటూ మేలు" అంటూ వచ్చిన పేపర్లలో చాలావాటికి ఈ ఒక్క సవరణ లేదు. చదివేటప్పుడు మీరే ముందు అది వెతకండి.

అసిటిక్ యాసిడ్ ఎంచుకోవడం గురించి కూడా చెప్పాలి, ఇది మీ గైడ్ గారితో కూర్చుని మాట్లాడాల్సిన విషయం. లైపేజ్‌లకు అది కష్టమైన సబ్‌స్ట్రేట్. చిన్నది, ధ్రువ స్వభావం ఉన్నది, ఎంజైము చుట్టూ ఉన్న కాస్త నీటి పొరలోకి దూరి దాన్ని ఆమ్లంగా మారుస్తుంది. లారిక్, ఒలిక్ లాంటి పొడుగు గొలుసుల యాసిడ్లతో ఈ బాధ ఉండదు. మీకు ఐసోఅమైల్ అసిటేటే కావాలంటే ఎసైల్ దాతను, అంటే ఎస్టర్‌కి యాసిడ్ భాగాన్ని ఇచ్చే పదార్థాన్ని, మార్చండి. అసిటిక్ అన్‌హైడ్రైడ్‌తో సీఓటూలో బాగా నడుస్తుందని ప్రచురితమైన పని ఉంది. అయితే దానిలోంచి కూడా ఒక మోల్ యాసిడ్ పుడుతుంది, అది మరిచిపోకూడదు. వినైల్ అసిటేట్ వాడితే నీళ్లే పుట్టవు, రియాక్షన్ వెనక్కి రాదు, పైన చెప్పిన వరద సమస్య అసలుండదు. దానిలోంచి వచ్చే అసిటాల్డిహైడ్ కొన్ని లైపేజ్‌ల లైసిన్‌ను పట్టుకుని పాడుచేస్తుంది. కాండిడా రుగోసా లైపేజ్ దానికి లొంగిపోతుంది, మీ దగ్గరున్నది చాలావరకు తట్టుకుంటుంది. నేనైతే సమస్య ఎక్కడుందో తేలేదాకా వినైల్ అసిటేట్‌తో నడుపుతాను, తేలాక అసలు యాసిడ్‌కి తిరిగి వస్తాను.

ఇంత కష్టం దేనికి, హెక్సేన్‌లోనే చేసుకోవచ్చు కదా అని మీ వైవాలో అడుగుతారు. సూటిగా చెప్పాలంటే అన్నిటికీ సీఓటూ అక్కర్లేదు. బయోడీజిల్‌నే తీసుకోండి. బెంగళూరు ఐఐఎస్‌సీలో గిరిధర్ మద్రాస్ బృందం 2004లో సన్‌ఫ్లవర్ నూనెతో సూపర్‌క్రిటికల్ మెథనాల్, ఇథనాల్ పద్ధతులనూ, సీఓటూలో లైపేజ్ పద్ధతినీ చేసి చూసింది. లైపేజ్ దారిలో కన్వర్షన్ బాగా తక్కువ వచ్చింది. అలాంటి చవక సరుకు కోసం వంద బార్ల స్టీలు పాత్ర పెట్టడం నాకు ఎప్పుడూ సబబుగా అనిపించలేదు.

మీ ఎస్టర్ అలా కాదు. అరటిపండు వాసనకు మూలం అదే. దానికి కావలసిన ఐసోఅమైల్ ఆల్కహాల్ మన చక్కెర ఫ్యాక్టరీల మొలాసిస్ డిస్టిలరీల్లో మిగిలే ఫ్యూజెల్ ఆయిల్‌లో ప్రధాన భాగం. ఆ పులిసిన ముడిసరుకుతో, ఎంజైముతో, హెక్సేన్ ఆనవాలు లేకుండా చేసిన సువాసన ద్రవ్యానికి ఆహార పరిశ్రమలో విలువ వేరు. ద్రావణిని ఆవిరి చేసి తోలనక్కర్లేదు, ప్రెషర్ దింపితే అదే పోతుంది. ఇక కైరల్ అణువుల (ఎడమ, కుడి చేతుల్లా రెండు అద్దపు రూపాల్లో ఉండేవి) విషయంలో సీఓటూ మరీ బాగా రాణించింది. 1-ఫినైల్ ఇథనాల్‌ను వినైల్ అసిటేట్‌తో, మీ దగ్గరున్న ఈ లైపేజ్‌తోనే విడదీస్తే ఒక చేతి అణువు ఎస్టర్‌గా మారి, రెండో చేతిది ఆల్కహాల్‌గానే మిగులుతుంది. 2002లో స్పెయిన్‌లో లొసానో బృందం, జర్మనీ మ్యూల్‌హైమ్‌లో రీట్జ్, లైట్నర్ బృందం ఇంకో అడుగు వేశారు. ఎంజైమును అయానిక్ ద్రవంలో (ద్రవరూపంలో ఉండే లవణంలో) ఉంచి, సీఓటూ ప్రవాహంతో సబ్‌స్ట్రేట్ లోపలికి, ప్రోడక్ట్ బయటికి నడిపించారు. అయానిక్ ద్రవం సీఓటూలో కరగదు, సీఓటూ మాత్రం దానిలో కరుగుతుంది. ఎంజైము కదలకుండా లోపలే ఉండిపోతుంది. ఎంత అందమైన ఏర్పాటో ఆ పేపర్లు చదివితే మీకే తెలుస్తుంది.

ఆ ఏర్పాటు నుంచి మీరు తీసుకోవాల్సింది ఒకటుంది. బ్యాచ్ మానేసి, చిన్న స్టీలు ట్యూబ్‌లో బీడ్స్ నింపి, సీఓటూను అందులోంచి నిరంతరం పంపండి. రోజూ ఎక్కించి దించే పని పోతుంది. ఎంజైము వారాల తరబడి ఒకే ప్రెషర్‌లో ఉంటుంది. పుట్టిన నీళ్లు ఎప్పటికప్పుడు ప్రవాహంతో వెళ్లిపోతాయి.

ఎండాకాలం పని చేసేవాళ్లకు ఒక హెచ్చరిక. 31 డిగ్రీలు దాటితే సిలిండర్‌లో ద్రవమే ఉండదు, ఉన్నదంతా సూపర్‌క్రిటికల్ అయిపోతుంది. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో వరండాలో పెట్టిన సిలిండర్ పొద్దున పదికల్లా ఆ గీత దాటేస్తుంది. పంపు గ్యాస్ మింగి కొట్టుకుంటుంది, ఫ్లో పడిపోతుంది, రీడింగ్‌లు మాత్రం మామూలుగానే కనిపిస్తాయి. వేసవిలో తీసిన డేటా కలవకపోతే ముందు దీన్ని అనుమానించండి. సైఫన్ ట్యూబ్ (అడుగు నుంచి ద్రవాన్ని తీసే గొట్టం) ఉన్న సిలిండర్ అడగండి, దాన్ని ఏసీ గదిలో పెట్టండి, పంప్ హెడ్‌ను చిల్లర్‌తో సున్నాకి దగ్గరగా ఉంచండి.

అలా చల్లబరిచిన ద్రవంతో సెల్‌ను నిండా నింపి, వాల్వులు మూసి వేడి చేయడం మాత్రం ఎప్పుడూ చేయకండి. సున్నా డిగ్రీల ద్రవ సీఓటూ సాంద్రత 0.93. అది మూసిన సెల్‌లో 40 డిగ్రీలకు చేరితే ప్రెషర్ 300 బార్ దాటిపోతుంది. ముందు సెల్‌ను వేడి చేసి, ఆ తర్వాతే నెమ్మదిగా నింపాలి. రప్చర్ డిస్క్ (ప్రెషర్ మితిమీరితే చిట్లి గ్యాస్‌ను వదిలేసే రక్షణ బిళ్ల) లేని సెల్ దగ్గర ఎవరు చెప్పినా పని చేయవద్దు. ఏసీ గదిలో సిలిండర్ పెడితే సీఓటూ మీటర్ కూడా పెట్టాలి. ఎనిమిది గంటల పనికి హద్దు 5,000 పీపీఎం, 40,000 దగ్గర ప్రాణానికే ముప్పు.

ఇక రేపటి పని. కొత్త బీడ్స్ మూడు వాటాలు చేయండి. ఒక వాటాను సబ్‌స్ట్రేట్ ఏదీ లేకుండా 40 మిల్లీగ్రాముల నీళ్లతో సీఓటూలో ఆరు గంటలు ఉంచి నెమ్మదిగా దింపండి. రెండో వాటాను అలాగే ఉంచి రెండు నిమిషాల్లో దింపండి. మూడో వాటాను మీ మామూలు రియాక్షన్‌లో పెట్టి, దింపేముందు కడిగి, నెమ్మదిగా దింపండి. తర్వాత మూడింటినీ 0.33 దగ్గర తడిపి, హెక్సేన్‌లో ఒకే రియాక్షన్‌తో మొదటి పావుగంట వేగం కొలిచి, తాజా బీడ్స్‌తో పోల్చండి. మొదటిది బాగుండి రెండోది పోతే తప్పు వాల్వ్‌ది. మొదటిదీ మూడోదీ బాగుంటే ఇన్నాళ్లూ మీ ఎంజైమును తిన్నది బీడ్స్ మీద పడ్డ యాసిడ్ నీళ్లే. మూడోది ఒక్కటే పోతే అసిటిక్ యాసిడ్‌ను వదిలేయాల్సిందే. మొదటిదే పోతే మాత్రం నా అంచనా తప్పు, అప్పుడు రెజిన్ బ్యాచ్ దగ్గర్నుంచి మళ్లీ చూడాలి. నాలుగు వేగాలూ రాయండి, వాటిని బట్టి ట్యూబ్‌లో ఎన్ని బీడ్స్ పట్టాలో, ఫ్లో ఎంత ఉండాలో లెక్క వేద్దాం.